ఆశన్న హత్యపై సమీక్ష

“కల్లు గాదు మామా! క్లూ! క్లూ అన్న!”

పొద్దుటినుంచి ఈ మాట ఎన్నిసార్లు అన్నదో సౌజన్యకే తెలియదు. ఆశన్న మంచం పట్టెను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. మంచం పట్టిన మనిషి కాదాయన, పట్టిన పట్టు విడవని మనిషి.

“కల్లే అన్నవ్. నా చెవులతోని ఇన్న. ‘ఆశన్నను సంపినోళ్ల కల్లు దొరికింది’ అన్నవ్. యాడికెల్లి దెచ్చిన కల్లు? అండ్ల ఏం గలిపిండ్రు?”

“క్లూ అంటే ఆనవాలు మామా. ఇంగ్లీషు మాట. తప్పు జేసినోడు దొరికే ఆనవాలు.”

“నిజమే బాపూ,” అన్నాడు మధు గడప మీద నిలబడి. “క్లూ అంటే గదే.”

ఆశన్న కొడుకు వైపు చూశాడు. ఆ ఇంట్లో ఇంగ్లీషు కూడబలుక్కోగలిగినవాడు మధు ఒక్కడే. ఎరువుల దుకాణంలో పురుగుమందు డబ్బాల మీద పేర్లు చదివి మరీ అమ్ముతాడు. అతను చెప్తే నమ్మాలి. ఆశన్న నమ్మాడు. నమ్మిన తర్వాత ఆయన ముఖం ఇంకా పాలిపోయింది.

“సరే. కల్లు గాదు, ఆనవాలు. మరి ‘ఆశన్నను సంపిండ్రు’ అన్నది గూడ ఇంగ్లీషేనా?”



ఆయన చెవి తప్పుగా విన్నది ఆ ఒక్క మాటే. మిగిలినవన్నీ సరిగ్గానే విన్నది. భయమంతా ఆ సరిగ్గా విన్నవాటి దగ్గరే ఉంది.

అవి విన్నది కొన్నాళ్ల కింద. కాలువ నీళ్ల వంతు అడగడానికి ఆశన్న పక్కింటి బుచ్చన్న దగ్గరికి వెళ్లిన రోజది. వెనక వాకిట్లో ఆడవాళ్లు బీడీలు చుడుతున్నారు. తడిక అవతల కోడలి గొంతు ఖణేల్మంటోంది.

“ఆశన్నను సంపుడు బాగనే ఉన్నది గని, మస్తు ఆల్శమైంది. ఇంకింత ముందుగాలనే సంపవల్సుండె. పాలల్ల గలుపుడేంది? వాసన రాదా? అల్లం చాయిల గలిపితె ఎవ్వలకు దెల్వకపోవు. కోడలి మీద అనుమానం రాకుంట నడిపిండ్రు సూడు, గదొక్కటి నాకు నచ్చింది.”

కాలువ నీళ్లు అడగబోయిన ఆశన్నకు ఒళ్లంతా చెమట కాలువ కట్టింది. నీళ్ల వంతు సంగతి మర్చిపోయి, తన వంతు ఎప్పుడొస్తుందో అనుకుంటూ ఇంటికొచ్చాడు.

ఆనాటినుంచి పేరులో ఆశ ఉన్న మనిషి నిరాశన్న అయిపోయాడు. తొక్కో పెంకో ఉన్న తిండి మాత్రమే తింటున్నాడు. అరటిపండు, ఉడకబెట్టిన గుడ్డు, పల్లీకాయ. దేవుడు మూతపెట్టి సీలు వేసి పంపిన సరుకులు. నీళ్లు కూడా బస్టాండు కుళాయి దగ్గరే తాగొస్తున్నాడు. తొక్కలో తిండి అని మనం ఊరికే విసుక్కుంటాం, ఆయనకది అక్షరాలా దక్కింది. సొంత వరి పండించుకునే రైతు బడ్డీకొట్టు ముందు గుడ్డు పెంకు ఒలుచుకుంటుంటే దూరంనుంచి చూసినవాళ్లు నవ్వారు. ముందు ఆ పెంకు మీద పగుళ్ల కోసం ఆయన వెతకడం దగ్గరినుంచి చూసినవాళ్లు నవ్వలేదు.

పొయ్యి దగ్గర ఆశన్న భార్య గంగమణి అటు తిరిగి కూర్చుని ఉంది. కట్టె లోపలికి తోసింది. మళ్లీ బయటికి లాగింది. పొయ్యి మీద ఏమీ లేదు.

మహేశ్వరి అత్తగారి ఊరు బీర్కూర్ నుంచి మొదటి బస్సుకే దిగింది. ఆశన్న పెద్దబిడ్డ. ఆమె దిగిందంటే బస్సుకు హారన్ అక్కర్లేదు.

“బాపూ! ఎట్లయినవ్ బాపూ! బొక్కలు తేలినయ్ గదనే!” తండ్రి భుజాలు తడిమి, అక్కడినుంచే తమ్ముడి భార్య మీదికి తిరిగింది. “ఏమే, సల్లగైందా నీ కడుపు?”

“వదినె, నేనేం జెయ్యలే. అది నవల.”

“ఏంది?”

“కిరాయికి దెచ్చిన పత్తేదారు నవల. ఖూనీ జేసినోన్ని పట్టుకునే కథ. సదివినంక బాగున్నదా, బాగలేదా అని మేం తీర్పు జెప్పుకుంటం. సమీక్ష అంటరు. మామ గా సమీక్ష ఇన్నడు. గంతే.”

“మా బాపు సావు మీద సమీక్షనా?”

ఇన్నాళ్లూ పట్టాదారు ఇంట్లో పత్తేదారుగా సౌజన్యకు దొరికిన గౌరవమంతా ఆ ఒక్క ప్రశ్నతో పొయ్యిలో పడింది. గౌరవం అని ఊరికే అనడం లేదు. బస్టాండు పక్కన కిరాయి పుస్తకాల డబ్బాకొట్టువాడు కూడా ఏ నవల ఎట్లుందో ఈమెనే అడిగేవాడు. “మూతి బాగనే ముడిసిండు గని లోపల తంబాకు లేదు” అని ఈమె బీడీ భాషలో తీసిపారేస్తే ఆ పుస్తకం ఆ నెలంతా దుమ్ము తినాల్సిందే. “కొస దాక కాలింది” అంటే చాలు, దానికోసం జనం క్యూ కట్టేవాళ్లు.

“అవ్వా,” మహేశ్వరి పొయ్యి వైపు తిరిగింది. “నువ్వు గూడ గాడనే గూసుంటవ్ గద బీడీలకు. గిది ఏమన్నదో నువ్వు ఇన్నవా?”

గంగమణి చేతిలో కట్టె ఆగింది.

“నేను ఆకు కత్తిరిచ్చుకుంట గూసున్న. ఇన్లె.”

సౌజన్య తలెత్తి అత్త వీపు వైపు చూసింది. ఆ వీపు కదల్లేదు.

“ఇన్నదా ఇన్లేదా గాదు ముచ్చట,” అన్నాడు ఆశన్న నీరసంగా. “నవల అంటుంది గద. సూపియ్యుమను. నా పేరు యాడున్నదో సూపియ్యుమను.”

మధు అర్రలోకి వెళ్లి నవల తెచ్చాడు. అట్ట మీద ఎర్రచీర ఆడమనిషి, ఆమె నెత్తి మీద పిస్తోలు. మహేశ్వరి ఆ అట్టను చూసి మరదలిని చూసింది. మధు పేజీలు తిప్పాడు. ముందు మెల్లగా, తర్వాత గబగబా.

“‘జమీందారు రాజశేఖరవర్మ పాలగ్లాసు అందుకున్నాడు...’ ఈడ గూడ రాజశేఖరవర్మనే... ‘కోడలు మాధురీదేవి మేడ దిగింది...’”

“బాపు పేరు?”

మధు చివరిపేజీ దాకా పోయి, మళ్లీ మొదటికొచ్చాడు. ఇంత శ్రద్ధగా అతను బడిలో కూడా చదివి ఉండడు.

“సౌజన్యా,” అన్నాడు చివరికి, పుస్తకం మూస్తూ. “ఇండ్ల ఆశన్న లేడు.”

పుస్తకం సాక్ష్యం చెప్పింది, అవతలి పక్షాన.

“పేర్లు... మేం మార్చుకుంటం,” అన్నది సౌజన్య. గొంతు సగమే వచ్చింది.

“ఎందుకు మార్చుకుంటరు?”

ఎందుకంటే బుచ్చన్న వాకిట్లో పద్ధతి అది. టీవీ సీరియళ్లు ఇంకా మధ్యాహ్నాల్ని మింగని రోజులు. బుచ్చన్న భార్య గౌరీబాయి వాకిట్లో నీడ పడగానే ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని చేరతారు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుడుతుంటారు. సౌజన్య చదువుతుంది. చదివే చేతులు చుట్టలేవు కాబట్టి తలా ఇన్ని బీడీలు ఆమె చాటలో వేస్తారు. వాళ్ల చూపంతా ఆకు మీద ఉంటుంది, వేళ్లు తంబాకులో ఉంటాయి, చెవులొక్కటే ఖాళీ. ఆ చెవుల్లో రాజశేఖరవర్మలూ మాధురీదేవులూ నిలవరు. ఎవరు చచ్చారో, ఎవరు చంపారో మరునాటికి కలగాపులగం. అందుకని చచ్చినవాడికీ, చంపినవాడికీ, ఇన్‌స్పెక్టరుకీ గల్లీలో తెలిసిన పేర్లే పెట్టుకుంటారు. కొత్త పుస్తకం తెరవగానే “శవాన్ని ఎవలిస్తరు?” అని అడుగుతారు. ఎవరి వంతైతే వాళ్లు ఒక పేరిస్తారు. చుట్టిన బీడీలు లెక్కచూసి తీసుకునే కార్ఖానా మునీమును ఇప్పటికే చాలాసార్లు చంపారు. ఒక్కటే కట్టుబాటు, ఆ పేర్లు తడిక దాటకూడదు. దాటితే ప్రతి ఇంట్లోనూ ఒక శవం లేచి కూర్చుంటుంది.

ఇదంతా సౌజన్య చెప్పింది. ముక్కలు ముక్కలుగా, తడబడుతూ చెప్పింది. భయంతో చెప్పే నిజానికి అబద్ధం పోలికలే వస్తాయి.

మహేశ్వరి అంతా విని ఒక్కటే అడిగింది.

“మంచిది. మరి మా బాపు పేరు ఎవలు పెట్టిండ్రు?”

పొయ్యిలో పుల్ల చిటపటలాడింది. సౌజన్య అటు చూడబోయి, చూపు మళ్లించుకుంది.

“యాదికి లేదు,” అన్నది.

“నాకు సమజైంది,” అన్నది మహేశ్వరి. “అందర్కి సమజైంది. పోలీసులు, ఠాణా, గవన్నీ మాకొద్దు. మీ అన్నకు కబురు వంపినం. తీస్కపోతడు. పిల్ల మాత్రం ఈడనే ఉంటది. సంపే శాస్త్రం సదివినదాని కాడ నా తమ్ముని బిడ్డను ఉంచ.”

మధు ఏమన్నా అంటాడని సౌజన్య ఎదురుచూసింది. పేరుకే అతను మధు, మిగతా అంతా మధ్య. ఇటు పెళ్లానికీ అటు తండ్రికీ మధ్యన నిలబడి గోడకున్న మేకును చూస్తున్నాడు.

సౌజన్య చాయ్ పెట్టింది. ఇంట్లో లొల్లి జరిగినా చాయ్ టైముకు చాయ్ పడాల్సిందే. గ్లాసు మధు ముందు పెట్టింది. అతను “ఆఁ” అన్నాడు. తీసుకోలేదు.

ఆమె పిల్లకు జడ వేస్తూ అతన్ని గమనిస్తూనే ఉంది. చాయ్ మీద మీగడ కట్టింది. అతను లేచి, అటక మీదినుంచి వరికి కొట్టే పురుగుమందు డబ్బా దించాడు. చప్పుడు కాకుండా గోనెసంచిలో చుట్టాడు. సైకిల్ వెనక కట్టుకుంటున్నాడు.

“గదెందుకు తీస్కపోతున్నవ్?”

“దుకాణంల అడిగిండ్రు.”

దుకాణంలో అటువంటి డబ్బాలు కప్పు దాకా పేర్చి ఉంటాయని ఇద్దరికీ తెలుసు.

“నువ్వు గూడనా?” అన్నది సౌజన్య.

“నేనేమన్న? నేనేమన్లె గద.”

“గదే.”

సైకిల్ గంట మోగించకుండా వెళ్లిపోయాడు. పిల్ల “అమ్మా, జడ గట్టిగైంది” అని ఏడ్చింది. అప్పటిగ్గానీ తన వేళ్లు ఎంత బిగుసుకున్నాయో సౌజన్యకు తెలియలేదు.

మహేశ్వరి తండ్రిని వెంటబెట్టుకుని అరటిపళ్లు కొనడానికి బజారుకు పోయింది. ఇంట్లో అత్త, కోడలు మిగిలారు. హత్యకూ అత్తకూ ఉన్న పొత్తు ఆ ఇంట్లో ఆ ఇద్దరికే తెలుసు.

“అత్తమ్మా.”

గంగమణి బియ్యం చెరుగుతోంది. చెరిగిన బియ్యమే మళ్లీ చెరుగుతోంది.

“ఇన్లె అన్నవ్.”

చాట ఆగలేదు.

“శవం వంతు నీది. గా దినం నేను సదువుడు మొదలువెట్టక ముందే పేరిచ్చినవ్. గౌరీబాయక్క నవ్వింది. అందరు నవ్విండ్రు. ఇన్లె అంటవేంది?”

గంగమణి తన వంతు వచ్చినప్పుడల్లా “నాకెవ్వలు యాదికొస్తలేరు” అని పక్కవాళ్లకు ఇచ్చేసే మనిషి. ఆ రోజు మాత్రం ఆకు మీదినుంచి కన్నెత్తకుండా “ఆశన్న” అన్నది. మొగుడి పేరు. పెళ్లైననాటినుంచి ఎవరడిగినా “మా ఇంటాయన” అనో “మహేశ్వరి వాళ్ల బాపు” అనో చెప్పిన నోరు అది. వాకిట్లో కత్తెరలన్నీ ఒక్క క్షణం నోళ్లు తెరుచుకుని ఉండిపోయాయి. తర్వాత నవ్వులు. గంగమణి ఒక్కతే నవ్వలేదు.

“నాకు బుగులైతుంది బిడ్డా, భయమైతుంది,” అన్నది ఇప్పుడు, చాట కింద పెట్టి.

“నాకైతలేదా?”

“నీకెర్కలేదు. ఆయన కొట్టడు. తిట్టడు గూడ. మాట్లాడుడు బందు జేస్తడు. మహేశ్వరి పుట్టినప్పుడు అడగకుండ మా అవ్వగారింట్ల పురుడు వోసుకున్న. పిల్ల నడక నేర్సేదాక నాతోని ఒక్క మాట మాట్లాడలే. బువ్వ వెడితే తిన్నడు. ఉప్పు లేకున్నా జెప్పలే, ఎక్కువైనా జెప్పలే. అట్ల ఎన్నాళ్లుంటవ్ నువ్వు? గోడతోని కాపురం జేసినట్టు ఉంటది. ఇప్పుడు గీ ముచ్చట ఆయనకు దెలిస్తే నేను సచ్చేదాక ఇగ నోరు ఇప్పడు.”

“మరి నేను? నన్ను పంపుతుండ్రు అత్తమ్మా. పిల్లను ఉంచుకుంటరట.”

గంగమణి పక్కకు ఒరిగిన చాటను సరిగ్గా పెట్టింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. కోడలి కళ్లలోకి చూడకుండా, ఎంతో ఆప్యాయంగా అన్నది.

“పిల్ల ఫికర్ జెయ్యకు. నేను జూస్కుంట.”

ఇన్ని నవలల్లో ఇన్ని కత్తులు దిగడం చదివింది సౌజన్య. కత్తి దిగినప్పుడు మొదట నొప్పి తెలియదు, చల్లగా ఉంటుందని ప్రతి రచయితా రాస్తాడు. ప్రతిసారీ “ఒట్టి కోతలు” అని సమీక్షించేది. ఆ మాట ఆమె ఇప్పుడు వెనక్కి తీసుకుంది.

ఎండ తగ్గే వేళకు డోంగ్లి బస్సులో సౌజన్య అన్న వెంకటేశం దిగాడు. వచ్చీరాగానే తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. ఏం జరిగిందని అడగలేదు. చెల్లెలిని ఇచ్చుకున్నవాడు తప్పేమిటో తెలియకముందే తల వంచాలని అతనికెవరో నేర్పినట్టుంది.

“తప్పయింది మామా,” అన్నాడు ఆశన్నతో. “ఏం జేసిందో నాకెర్కలేదు గని, తప్పయింది.”

వాకిట్లో మంచం మీద పక్కింటి బుచ్చన్న కూర్చున్నాడు. గల్లీలో ఏ తగువైనా ఆయన తీర్పే. ఆయన వెనక, తడిక పట్టుకుని, గౌరీబాయి నిలబడింది. మధు అప్పుడే దుకాణంనుంచి వచ్చాడు. సైకిల్ వెనక సంచి లేదు.

“లొల్లి వద్దు,” అన్నాడు బుచ్చన్న. “మందు దొరకలే, సాక్ష్యం లేదు. గని మనిషికి బుగులు వట్టినంక ఆ ఇంట్ల బువ్వ ఎట్ల దిగుతది? వెంకటేశం, నీ చెల్లెను తీస్కపో. కొన్ని దినాలు పోనీ. సూద్దాం.”

“కొన్ని దినాలంటే?” అన్నది సౌజన్య.

“సూద్దాం అన్న గదమ్మా.”

ఆ ‘చూద్దాం’ చూపు ఎంత దూరమో అక్కడున్న ఆడవాళ్లందరికీ తెలుసు. అలా పుట్టింటికి వెళ్లి అక్కడే ముసలివాళ్లైనవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

సౌజన్య సంచి తీసుకుంది. పిల్ల పరుగున వచ్చి ఆమె కొంగు పట్టుకుంది. మహేశ్వరి వంగి, ఆ చిన్న పిడికిలి విప్పసాగింది. ఒక్కో వేలే.

“అత్తా, ఇడిసిపెట్టు! అమ్మతోని నేను గూడ వోత!”

“అమ్మ ఊరికి వోతుంది. రేపొస్తది. రా.”

“అగ బాయీ! ఆగుండ్రి!”

గౌరీబాయి తడికను నెట్టుకుంటూ వచ్చింది. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న డోంగ్లినుంచి కాపురానికొచ్చి ఇన్నేళ్లైనా భయమేస్తే ఆమె నోట మరాఠీయే ముందు వస్తుంది.

“పేర్లు మార్చుడు నిజం. మా వాకిట్లనే మారుస్తం. అందరం మారుస్తం. గీ సౌజన్య ఒక్కతే గాదు.”

“నువ్వు లోపల్కి వో,” అన్నాడు బుచ్చన్న.

“పోను. పోతే సౌజన్య బతుకు పోతది.” ఆమె కొంగు నడుముకు దోపుకుంది. “మిమ్ముల గూడ సంపినం.”

“ఎవల్ని?”

“మిమ్ములనే.”

బుచ్చన్న మంచం మీదినుంచి సగం లేచాడు. “నన్నా? ఎప్పుడు?”

“దసరా ముంగట.”

“ఎట్ల సంపిండ్రు?”

“కాలువ తూము కాడ నూకినం. మీరు బంగ్లల జమీందారు. మీ దోస్తే నూకిండు. నేనే పేరిచ్చిన. గా దినం మీరు కూర బాగలేదని కంచం ఇసిరికొట్టిండ్రు గద, గందుకు.”

ఎవరో కిసుక్కుమన్నారు. వెంకటేశం తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. గౌరీబాయి ఇక ఆపలేదు. రాజశేఖరవర్మ అంటే ఎవడో, మాధురీదేవి అంటే ఎవతో తమకేం తెలుసని, బుచ్చన్న సచ్చిండంటేనే యాదికుంటదని, మునీమును ఎన్నిసార్లు చంపినా రోజూ కార్ఖానాలో బీడీలు ఏరి పారేస్తూనే ఉన్నాడని, ఈ పేర్లు తడిక దాటకూడదని ఒట్టు వేసుకున్నామని, అందుకే ఇన్నాళ్లూ నోరు కుట్టుకున్నామని, దమ్ము తీసుకోకుండా చెప్పేసింది.

“మరి ‘ముందుగాలనే సంపవల్సుండె’ అన్నదేంది?” మధు అడిగాడు. భార్యను ఆ రోజు అతను సూటిగా చూడటం అదే మొదటిసారి.

“పుస్తకం సగం దాటినా శవం లేవలే,” అన్నది సౌజన్య. “రాసినాయన గాలి, వాన, బంగ్ల, పూలకుండీలు, గవ్వే రాసుకుంట వోయిండు. శవం ముందుగాల రావాలె. పాలల్ల కలిపితె వాసన తెలుస్తది, అల్లం చాయిల అయితే తెల్వది. ఆయనకు గా మాత్రం సోయి లేదు. నేను తిట్టింది ఆయన్ను. మామను గాదు.”

బుచ్చన్న గడ్డం గోక్కున్నాడు.

“ఆలోచిస్తే... పాలల్ల తెలుస్తది. నిజమే.”

దాంతో వాకిలి భళ్లుమంది. వెంకటేశం నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. మహేశ్వరి చేయి పిల్ల మీదినుంచి తనంతట తానే జారింది. పిల్ల తల్లి కాళ్లకు చుట్టుకుపోయింది. మధు వచ్చి సంచి అందుకోబోయాడు. సౌజన్య ఇవ్వలేదు. సంచి ఇద్దరి చేతుల మధ్యా ఉండిపోయింది.

నవ్వనివాడు ఆశన్న ఒక్కడే.

“అంతా సమజైంది,” అన్నాడు. లేచి నిలబడ్డాడు. గొంతులో వణుకు పోయింది. అది పోవడమే కొత్త భయంగా ఉంది. “బుచ్చన్న పేరు గౌరీబాయి ఇచ్చింది. ఇంటామె. కంచం ఇసిరిండని. మంచిగనే ఉన్నది. మరి నా పేరు ఎవలిచ్చిండ్రు?”

నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. గౌరీబాయి కాలి బొటనవేలు చూసుకుంది.

“కోడలా, నువ్వేనా?”

సౌజన్య పెదవులు కదిలాయి. అవును అంటే మళ్లీ బస్సు. కాదు అంటే తర్వాతి ప్రశ్న. చేయి పిల్ల తల మీద ఉంది.

“నేనిచ్చిన.”

గడప దగ్గరినుంచి వచ్చింది ఆ గొంతు. గంగమణి ద్వారబంధం పట్టుకుని నిలబడింది. తన గొంతుకు తానే జడుసుకున్నట్టు ఒక్కసారి ఆగి, మళ్లీ అన్నది.

“ఆశన్న అని నేనే అన్న. కోడలికేం సంబంధం లేదు. పొద్దుగాల ఇన్లె అని అబద్ధమాడిన.”

భార్య నోట తన పేరు ఆశన్న ఎన్నడూ వినలేదు. అది తనదేనా అన్నట్టు చూశాడు.

“అవ్వా!” అన్నది మహేశ్వరి.

“నేను కంచం ఇసర్లే,” అన్నాడు ఆశన్న మెల్లగా. “చెయ్యెత్తలే. నిన్ను ఒక్కనాడు ఏమన్లే.”

“అన్లే. ఏమన్లే.”

“మరెందుకు?”

“నాకెర్కలేదు. నోట్లకెల్లి అచ్చింది.” గంగమణి చేతులు కొంగును చుడుతున్నాయి, విప్పుతున్నాయి. “గది గాదు నా బుగులు. కథల నిన్ను పాడె మీద మోస్కపోయిండ్రు. సౌజన్య సదువుతనే ఉన్నది. గౌరీబాయి కండ్లు దుడుసుకున్నది. అందరు చేతులు ఆపిండ్రు. నేను ఆపలే. నాకు ఏడుపు రాలే.”

గంగమణి ద్వారబంధాన్ని మళ్లీ పట్టుకుంది.

“ఎంత జేసినా రాలే. గప్పటిసంది నాకు గూడ బువ్వ దిగుతలేదు. నాకు బుగులైతుంది. నిన్ను జూసి గాదు. నన్ను జూసుకొని.”

ఆశన్న నోరు తెరిచాడు. మాట రాలేదో, ఆయనే రానివ్వలేదో, అక్కడున్నవాళ్లెవరికీ తెలియలేదు.